ఖాతా పుస్తకం తడిసిన చోట

2024 సెప్టెంబరు మొదటి వారంలో విజయవాడ అజిత్‌సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం, కండ్రిక, వాంబే కాలనీల్లో జనం మేడలెక్కి కూర్చున్నారు. హెలికాప్టర్లు, డ్రోన్లు ఆహార పొట్లాలు, నీళ్ల సీసాలు దించుతుంటే టీవీ కెమెరాలన్నీ పైకే చూశాయి. కిందికి చూస్తే మురికినీటిలో సగం మునిగిన బోర్డులు కనిపించేవి: కిరాణా అండ్ జనరల్ స్టోర్స్, లేడీస్ టైలర్, మోటారు వైండింగ్, పిండి మర, మొబైల్ రిపేరు, సెలూన్.

ఆ పేటల్లో కింది అంతస్తు అంటే చాలా చోట్ల దుకాణమే. ముందుగది కొట్టు, వెనకగది ఇల్లు. నీళ్లు వచ్చినప్పుడు కాపురమూ వ్యాపారమూ ఒక్క గడపలోనే మునిగాయి.

బుడమేరు మైలవరం కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే వాగు. దాని వరదను వెలగలేరు రెగ్యులేటరు దగ్గర ఆపి, మళ్లింపు కాల్వ గుండా ఇబ్రహీంపట్నం వైపు కృష్ణలోకి పంపే ఏర్పాటు ఉంది. ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కురిసిన వానకు వాగూ పొంగింది, నదీ పొంగింది. ప్రకాశం బ్యారేజీ వద్ద ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరిన రోజుల్లో కృష్ణ మరో కాల్వ నీటిని తనలోకి తీసుకునే స్థితిలో లేదు. మళ్లింపు కాల్వ కట్టకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. సైన్యం కూడా వచ్చి చేయి వేస్తే సెప్టెంబరు 7 నాటికి మూడో గండి పూడింది. ఆ రోజు వినాయక చవితి. రాత్రికి వచ్చి తెల్లారేసరికి పోయే నీరైతే దొంతర పెట్టిన బస్తాల్లో పైవైనా దక్కుతాయి. రోజుల తరబడి నిలిచిన నీటిలో దక్కేది దాదాపు ఏమీ ఉండదు.

సరుకు పోవడం కంటికి కనిపించే నష్టం. లెక్క రాసుకోవడానికి వచ్చిన ఉద్యోగి ఇన్ని బియ్యం బస్తాలు, ఇన్ని నూనె డబ్బాలు, ఒక ఫ్రిజ్, ఒక కాటా అని కాగితం మీద పెట్టగలడు. కనిపించని నష్టం గల్లాపెట్టె పక్కన ఉండే పొడుగాటి పుస్తకంలో ఉంటుంది. ఆటో నడిపే ఇంటి పేరు మీద ఇంత, ఇళ్లలో పనిచేసే ఆవిడ పేరు మీద ఇంత, బేల్దారి మేస్త్రి పేరు మీద పోయిన నెలది కలిపి ఇంత. పేట కిరాణా కొట్టు సరుకుతో పాటు అప్పు కూడా ఇస్తుంది. పూచీకత్తు అడగదు, సంతకం అడగదు, వడ్డీ మాట ఎత్తదు. చేతిలో డబ్బు ఆడని వారంలో ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ పుస్తకం మీదే.

వరద ఆ పుస్తకాన్ని రెండు వైపుల నుంచీ దెబ్బ కొడుతుంది. కాగితం తడిసి పద్దు చెదిరిపోవడం ఒకటి. పద్దు భద్రంగా ఉన్నా, అందులో పేరున్న ప్రతి ఇల్లూ మునిగి ఉండడం రెండోది. ఆటో ఇంజన్లోకి నీళ్లు పోయినవాణ్ని బాకీ అడగడానికి ఏ కొట్టతనికి నోరొస్తుంది? అడిగినా ఆ ఇంట్లో ఏముంది ఇవ్వడానికి? వీళ్లంతా వారానికీ నెలకూ తీర్చే డబ్బుతోనే కొట్టతను గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్లో తన బాకీ తీరుస్తాడు. అక్కడ పాత బాకీ నిలిచిపోతే కొత్త సరుకు రాదు. షాపు అద్దె, చీటీ వాయిదా, ఫైనాన్సు కిస్తీ మాత్రం తేదీకి తేదీ వస్తూనే ఉంటాయి.

అందుకే ఒక పేటలో వ్యాపారం కోలుకుందా అన్నది షట్టర్లు లెక్కపెట్టి చెప్పగల విషయం కాదు. షట్టరు ఎత్తడానికి చీపురూ బకెట్లూ నాలుగు చేతులూ చాలు. మళ్లీ నెల రోజుల అరువు ఇవ్వగల స్థితికి ఆ కొట్టు వచ్చిందా అన్నది అసలు పరీక్ష. ఆ స్థితి వచ్చేదాకా ఆ వీధిలో ప్రతి ఇల్లూ కష్టకాలపు ఆసరా ఒకటి పోగొట్టుకున్నట్టే.

ఇక సాయం సంగతి. వరద బాధిత కుటుంబాలకు ప్రభుత్వం ఇచ్చిన సరుకుల సంచిలో 25 కిలోల బియ్యం, కిలో కందిపప్పు, కిలో పంచదార, లీటరు నూనె, ఉల్లిపాయలు, బంగాళదుంపలు ఉన్నాయి. వాటితో పాటు కూరగాయలను నామమాత్రపు ధరలకు అమ్మించారు. ఆ వారం అదే సరైన పని. కొట్లన్నీ నీళ్లలో ఉన్నప్పుడు కొనమనడానికి అర్థం లేదు, ఆకలి ఆగదు. దాతలు, స్వచ్ఛంద సంస్థలు, గుళ్లు, మసీదులు, చర్చిలు వండి పంచిన అన్నం కూడా అంతే విలువైనది.

అయితే ఆ సంచిని మరోసారి విప్పి చూస్తే అది అచ్చంగా ఒక కిరాణా కొట్టు నెల సరుకు. మొదటి వారంలో అది ప్రాణం నిలుపుతుంది. కరెంటు వచ్చి, రోడ్డు తెరుచుకుని, కొట్టతను అప్పో సొప్పో చేసి నాలుగు బస్తాలు దించుకున్నాక కూడా లారీల్లో అవే సరుకులు ఉచితంగా దిగుతూ ఉంటే, ఆ నాలుగు బస్తాలు కొనేవారు ఉండరు. దాత మనసు మంచిదే, తీసుకునేవారి అవసరమూ నిజమే. మధ్యలో నలిగేది మాత్రం వరదలో మునిగిన అదే వీధి మనిషి. ఉచితం ఎక్కడ ఆగాలో, కొనుగోలు ఎక్కడ మొదలవ్వాలో చెప్పే తేదీ ఏ ఉత్తర్వులోనూ దొరకదు. కరెంటు, దారి, షట్టరు ఈ మూడూ తెరుచుకున్న రోజే ఆ తేదీ. సింగ్‌నగర్‌లో ఒక వీధికి అది ముందు వస్తుంది, పక్క వీధికి వారం ఆలస్యంగా వస్తుంది.

ఆ రోజు నుంచి సాయం రూపం మారాలి. సంచి బదులు చేతికి డబ్బు, లేదా అదే వీధి కొట్లో చెల్లే కూపను. లెబనాన్‌లో తలదాచుకున్న సిరియా శరణార్థులకు ప్రపంచ ఆహార కార్యక్రమం 2013 నుంచి ఇలాంటి కార్డులే ఇచ్చింది. నెలనెలా కార్డులో డబ్బు పడితే, ఒప్పందం చేసుకున్న వందల స్థానిక దుకాణాల్లో వారు తమకు కావలసింది కొనుక్కునేవారు. శరణార్థి క్యూలో నిలబడి పొట్లం తీసుకోనక్కర్లేకపోయింది, స్థానిక వ్యాపారికి బేరం పెరిగింది. ఒక్క రూపాయి రెండు ఇళ్లలో పనిచేసింది. మన దగ్గర రేషన్ కార్డూ ఉంది, ఫోన్‌లో చెల్లింపూ ఉంది, ప్రతి కొట్లో క్యూఆర్ అట్టముక్కా వేలాడుతోంది. ఇలాంటి ఏర్పాటుకు కొత్తగా కనిపెట్టాల్సిన యంత్రం ఏమీ లేదు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 వరద తర్వాత నగదు సాయం కూడా ప్రకటించింది. మునిగిన కింది అంతస్తు ఇంటికి 25 వేల రూపాయలు, పై అంతస్తుల వారికి 10 వేలు. కిరాణా కొట్లు, చిన్న హోటళ్ల వంటి వాటికి 25 వేలు. నమోదైన వ్యాపారాల్లో ఏడాది టర్నోవరు 40 లక్షల లోపు ఉంటే 50 వేలు, 40 లక్షల నుంచి కోటిన్నర దాకా లక్ష, అంతకు మించితే లక్షన్నర. దెబ్బతిన్న ద్విచక్ర వాహనానికి 3 వేలు, ఆటోకు 10 వేలు. ఇంటికీ దుకాణానికీ వేర్వేరు పద్దు పెట్టడం, తోపుడు బండి దగ్గర నుంచి మోటారు వాహనం దాకా బతుకుతెరువు సాధనాన్ని విడిగా లెక్కలోకి తీసుకోవడం మంచి ముందడుగు.

ఆ మొత్తం పోయినదానికి సరిపోతుందా అంటే సరిపోదు. మామూలుగా నడిచే కిరాణా కొట్లో ఒక్క గోడ అరల సరుకే 25 వేలు దాటుతుంది. అయినా ఆ డబ్బుకు ఒక ప్రత్యేకమైన పని ఉంది. అది మొదటి లోడు సరుకు తెస్తుంది. హోల్‌సేల్ వ్యాపారి దగ్గర పాత బాకీలో కొంత జమ కట్టి, మళ్లీ మాట నిలబెట్టుకునే వీలు కల్పిస్తుంది. మరీ ముఖ్యంగా రోజువారీ వడ్డీకి ఇచ్చేవాడి గుమ్మం తొక్కకుండా ఆపుతుంది. విజయవాడలో ఈ చివరి మాటకు ఉన్న బరువు వేరు. 2015 చివర్లో అధిక వడ్డీ అప్పుల 'కాల్‌మనీ' వ్యవహారం బయటపడి రాష్ట్రమంతా అట్టుడికింది ఈ ఊరి నుంచే. అత్యవసరానికి తీసుకున్న చిన్న అప్పు ఎంత దూరం లాక్కుపోతుందో అప్పుడు అందరూ చూశారు. వరద తర్వాతి నెల అలాంటి అప్పులకు పంట కాలం.

చేతికి డబ్బు ఇస్తే నిజంగా ఫలితం ఉంటుందా, లేక ఖర్చైపోతుందా అన్న సందేహం పాతదే. దానికి శ్రీలంక నుంచి గట్టి సమాధానం ఉంది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ మన కోస్తా తీరాన్నీ తాకింది, శ్రీలంకను మాత్రం కకావికలం చేసింది. ఆ దేశపు దక్షిణ, నైరుతి తీరంలో కలుతర, గాలె, మాతర జిల్లాల చిన్న వ్యాపారుల్లో లాటరీ పద్ధతిలో కొందరిని ఎంపిక చేసి నగదు సాయం ఇచ్చి, సురేశ్ ద మెల్, డేవిడ్ మెకెంజీ, క్రిస్టఫర్ వుడ్రఫ్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు ఏళ్ల తరబడి వారి లెక్కలు గమనించారు. సాయం అందిన దెబ్బతిన్న వ్యాపారాలు, అందనివాటి కంటే దాదాపు రెండేళ్ల ముందే పాత లాభానికి చేరుకున్నాయి. ఒక కొట్టతని జీవితంలో రెండేళ్లంటే పిల్లాడి ఇంటర్మీడియట్ చదువు.

అదే అధ్యయనంలో తెలిసిన రెండో సంగతి ఇంకా ఆలోచించదగ్గది. డబ్బు సాయం కొని అమ్మే కొట్లను నిలబెట్టినంతగా వస్తువు తయారుచేసే వాళ్లను నిలబెట్టలేకపోయింది. ముడిసరుకు తెచ్చే దారులు తెగిపోతే చేతిలో డబ్బున్నా పని నడవదు. కిరాణా కొట్టుకు నగదు అందితే రేపు సరుకు దిగుతుంది. టైలరుకు మోటారు, బట్ట, దారం, కొలతలిచ్చే మనిషి అన్నీ ఒకేసారి కావాలి. నేతగాడికి నూలు, రంగు, పడుగు పోసేవాళ్లు, తయారైన చీర ఎత్తుకునే షావుకారు కావాలి. అందరికీ ఒకే చెక్కు రాసి ఊరుకుంటే తయారీ చేతులు వెనకబడిపోతాయి.

నేతగాళ్ల మాట వస్తే కేరళలోని చేందమంగళం గుర్తొస్తుంది. ఎర్నాకుళం జిల్లాలో పరవూరు దగ్గరి ఈ ఊరు సన్నటి నూలు పంచెలకు, జరీ అంచు తెల్ల చీరలకు పేరుపొందింది. వాళ్ల ఏడాది వ్యాపారంలో పెద్ద భాగం ఓణం పండక్కే. 2018లో ఆ పండగ ఆగస్టు నెలాఖరున వచ్చింది. దానికి పది రోజుల ముందు పెరియార్ పొంగి ఊరిని ముంచింది. పండక్కి మడతపెట్టి సిద్ధంగా ఉంచిన బట్టంతా బురదలో కలిసింది, మగ్గాలు పాడయ్యాయి. కేరళ ప్రభుత్వం ఆ ఏడు ఓణం ఉత్సవాలే రద్దు చేసింది.

బురద మరకలు పడిన చీరలను తగలబెట్టడం తప్ప దారి లేదనుకున్నప్పుడు లక్ష్మీ మేనన్, గోపీనాథ్ పారయిల్ అనే ఇద్దరు ఒక ఆలోచనతో ముందుకొచ్చారు. ఆ బట్టను ఉడికించి, క్లోరిన్‌తో శుభ్రం చేసి, ముక్కలుగా కోసి 'చేకుట్టి' అనే చిన్న బొమ్మలు కట్టించారు. మరక పోకపోతే పోనీ, బొమ్మకు అదే గుర్తు. 1,300 రూపాయల చీర నుంచి 360 బొమ్మలు వచ్చేవి. ఒక్కొక్కటి 25 రూపాయలకు అమ్మితే 9 వేలు. స్కూలు పిల్లల నుంచి కంపెనీ ఉద్యోగుల దాకా ఎందరో ఖాళీ వేళల్లో బొమ్మలు కట్టారు, వచ్చిన డబ్బు నేత సహకార సంఘానికి చేరింది.

ఈ కథలో జనం మెచ్చుకునేది బొమ్మను. దాని వెనక జరిగిన పని అంతకంటే విలువైనది. సేవ్ ద లూమ్ వంటి బృందాలు పాడైన మగ్గాలు బాగుచేయించడానికి పూనుకున్నాయి, నేతగాళ్లు మళ్లీ మగ్గం ఎక్కారు. బొమ్మ కొన్నవారు ఒకసారి కొంటారు. చేందమంగళం బతికేది ఆ మరుసటి ఓణానికి చీర కొన్నవారి వల్ల. జాలితో కొన్న వస్తువుకు ఒక్క బేరం చాలు. నచ్చి కొన్న వస్తువుకు పదేళ్ల బేరం ఉంటుంది. చేకుట్టి చేసిన మేలల్లా, ఆ మొదటి బేరానికీ రెండో బేరానికీ మధ్య ఉన్న ఖాళీ నెలల్లో ఊరి పేరు జనం నోట నిలపడం.

నీళ్లకు మగ్గం ఆగితే ఏమవుతుందో ఆంధ్రలో మంగళగిరి, చీరాల, పెడన నేతగాళ్లకు బాగా తెలుసు. గుంట మగ్గం నేలలో ఉంటుంది. నేతగాడి కాళ్లు గుంటలో, చేతులు నాడె మీద. వరద దాకా అక్కర్లేదు, గట్టి ముసురు పడితే చాలు, గుంటలో నీళ్లు ఊరతాయి, పడుగు చెమ్మ పట్టి దారం తెగుతుంది. మగ్గం ఆగిన రోజుకు కూలి లేదు. మునిగిన కొట్టు ఫొటోకు అందుతుంది. ఆగిన మగ్గం అందదు, ఎందుకంటే అక్కడ కూలిపోయింది గోడ కాదు, రోజులు. నష్టం లెక్కించేవారు వస్తువుతో పాటు పోయిన పనిదినాలనూ రాసుకునే పద్ధతి ఉంటేనే ఈ ఇళ్లకు న్యాయం జరుగుతుంది.

కేరళ ఓణం ఉత్సవాలు మానుకున్నట్టే, ఆపద వచ్చినప్పుడు పండగ తగ్గించుకోవడం మనిషికి సహజం. పక్కింట్లో కన్నీళ్లుండగా కొత్తబట్టలు కట్టుకోవడానికి మనసొప్పదు. జపాన్‌లో 2011 మార్చి 11 నాటి భూకంపం, సునామీ తర్వాత దేశమంతా అలాగే అయింది. ఏప్రిల్‌లో చెర్రీ పూలు పూసినప్పుడు చెట్ల కింద చేరి తిని తాగి పాడుకోవడం అక్కడి ఆచారం. ఆ ఏడు అది వద్దని టోక్యో గవర్నరు అన్నారు. అప్పుడు సునామీ దెబ్బ తిన్న ఇవాతె రాష్ట్రం నుంచే సాకే మద్యం తయారుచేసే నంబుబిజిన్ సంస్థకు చెందిన కుజి కొసుకె యూట్యూబ్‌లో ఒక విన్నపం చేశారు. మా మీద గౌరవంతో పండగ మానుకోకండి, పూలు చూడడానికి వెళ్లండి, మా ప్రాంతం సరుకు కొని తాగండి, అదే మాకు సాయం అన్నది ఆ విన్నపం సారం. దుఃఖం పంచుకునే పద్ధతేమిటో బాధితులే నోరు తెరిచి చెప్పిన సందర్భం అది.

విజయవాడలో 2024 దసరా అక్టోబరు 12న వచ్చింది. అంటే నీళ్లు తీసిన నెలకు. సింగ్‌నగర్ ఫ్లైఓవర్‌కు అవతల జనం అప్పటికి ఇంకా గోడలకు సున్నం వేయించుకుంటూ ఉన్నారు. ఇవతల బెంజి సర్కిల్, పటమట, మొగల్రాజపురంలో చాలా ఇళ్లు ఒక్క రోజు కూడా మునగలేదు. వరద రోజుల్లో ఆ ఫ్లైఓవర్ మీదే నగరం బారులు తీరింది. పాలు, బిస్కెట్లు, మందులు పట్టుకుని ఎవరికి తోచినట్టు వారు వచ్చారు. అది నిజంగా తలుచుకోదగిన రోజు. అదే జనం నెల తర్వాత పండగ బట్టలు కుట్టించుకోవడానికీ, ప్రమిదలు కొనడానికీ, పిండివంటల సరుకు తెచ్చుకోవడానికీ ఆ ఫ్లైఓవర్ ఎక్కి ఉంటే, అవతలి టైలరుకు ఆ దసరా వేరుగా ఉండేది. కొద్ది కిలోమీటర్ల దూరం. బైకు మీద కొద్ది నిమిషాలు.

కొనడం ఒక్కటే కాదు, పని ఇవ్వడమూ అంతే. వరద తర్వాత కొన్ని పనులకు ఒక్కసారిగా గిరాకీ వస్తుంది. బైకు ఇంజన్లో నీళ్లు కలిసి తెల్లబడిన ఆయిల్ తీసి కడగాలి, మోటార్లు తిరిగి చుట్టాలి, వైరింగ్ మార్చాలి, తలుపులు చిత్రిక పట్టాలి, బోరు పంపు ఎత్తాలి. ఒకేసారి వేల ఇళ్లకు ఇవన్నీ కావాలంటే పేట మెకానిక్కులు చాలరు, అందుకే ప్రభుత్వం యాప్ ద్వారా సేవలందించే సంస్థ మనుషుల్ని కూడా దించింది. తప్పలేదు. కానీ పేట మెకానిక్కు షెడ్డూ మునిగింది, పానాలూ పనిముట్లూ తుప్పు పట్టాయి. అతనికి ముందుగా పనిముట్ల పెట్టె ఇచ్చి పనిలో దించితే, వీధిలో బండ్లు బాగుపడ్డ డబ్బు ఆ వీధిలోనే కిరాణా కొట్టుకూ పాలబూత్‌కూ చేరుతుంది. 2020లో వీధి వ్యాపారుల కోసం పీఎం స్వనిధి పథకం మొదలైనప్పుడు అందులో మొదటి విడత రుణం 10 వేలే. అంత చిన్న మొత్తమే టిఫిన్ బండికి, ఇస్త్రీ బండికి పెట్టుబడి అని ఆ పథకమే ఒప్పుకుంది. వరద ప్రాంతంలో అంత మొత్తాన్ని వారం లోపు చేతిలో పెట్టగలిగితే బండి మళ్లీ మూలమీదికి వస్తుంది.

కొట్టు నడపడానికి చోటు లేకపోతే చోటు చూపించాలి. న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ నగరాన్ని 2011 ఫిబ్రవరి 22న 6.3 తీవ్రతతో భూకంపం కుదిపేసింది. 185 మంది చనిపోయారు. నగరం నడిబొడ్డును కంచె వేసి మూసేశారు, దుకాణదారులు తమ సొంత షాపులోకి కూడా వెళ్లలేని పరిస్థితి. ఎనిమిది నెలలకు, అక్టోబరు 29న, క్యాషెల్ వీధిలో ఓడలకెక్కించే ఇనుప కంటెయినర్లను పేర్చి, రంగులేసి, 27 దుకాణాలతో రీస్టార్ట్ అనే అంగడి తెరిచారు. చుట్టూ కూలిన భవనాలున్నా జనం అక్కడికి రావడం మొదలుపెట్టారు. తాత్కాలికం అనుకున్నది 2018 జనవరి దాకా నడిచింది. అప్పటికి పక్కనే కొత్త భవనాలు లేచాయి. మన పేటల్లో కంటెయినర్లు అక్కర్లేదు. స్కూలు మైదానంలో నాలుగు వరసల రేకుల పందిళ్లు, ఒక కరెంటు మీటరు, ఒక నీళ్ల కుళాయి చాలు. గోడలు ఆరేదాకా కొట్టతను అక్కడ బోణీ చేసుకుంటాడు, పాత ఖాతాదార్లు చెదిరిపోరు.

స్థానిక వ్యాపారిని ఆదుకోవాలన్న ఈ వాదనకు ఎదురుమాట ఉంది. అది వినదగిన మాటే. ఆపదలో అయినకాడికి దోచుకున్నది ఈ వ్యాపారులే కదా అంటారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను ఊడ్చేసిన తర్వాత పాల ప్యాకెట్, నీళ్ల సీసా ధరలు ఎలా ఎగిరాయో ఆ ఊరివారు ఇంకా మరిచిపోలేదు. నిత్యావసర సరుకుల చట్టం 1955 నుంచీ ఉంది. అలాంటి చోట దాన్ని ప్రయోగించాల్సిందే, మొహమాటం అక్కర్లేదు. తడిసిన బియ్యం ఆరబెట్టి అమ్మినా, గడువు అట్ట మార్చి బిస్కెట్లు అమ్మినా అంతే. స్థానికుడన్న ఒక్క కారణానికి కల్తీని భరించమని ఎవరూ అడగకూడదు.

అయితే ఆ వారం రేటు పెంచింది ఎవరో ఊరికి తెలుస్తుంది. పెంచకుండా ఉన్న దుకాణం ఏదో కూడా తెలుస్తుంది. మేడ మీద ఉన్నవాళ్లకు తాడు కట్టిన బకెట్లో బ్రెడ్డు పెట్టి, లెక్క తర్వాత చూద్దాం లెండి అన్న కొట్టతనికి ఏ ధ్రువపత్రమూ రాదు. అతనికి దక్కగల గుర్తింపు ఒక్కటే: ఆ తర్వాత ఏడాదంతా ఆ వీధి తన బేరాన్ని అతని దగ్గరే ఉంచడం. యాప్‌లో ఆర్డరు చేస్తే పది నిమిషాల్లో గుమ్మంలోకి వచ్చే సరుకు చవకగా ఉండొచ్చు. రోడ్డు మీద నడుములోతు నీళ్లున్న రోజున మాత్రం ఆ బండి రాదు, అరువూ పెట్టదు. సౌకర్యానికి అక్కడ కొన్నా, నెల సరుకైనా వీధి కొట్లో తీసుకోవడం కష్టమైన త్యాగమేమీ కాదు.

బయటి ఊళ్ల నుంచి, విదేశాల నుంచి సాయం చేసే తెలుగువారికీ ఇందులో ఒక సులువైన మార్గం ఉంది. స్కూలు పిల్లలకు నోటు పుస్తకాలివ్వాలనుకుంటే హైదరాబాద్‌లో టోకున కొని లారీలో పంపడం కంటే, ఆ పేట స్టేషనరీ షాపుకే ఆర్డరు, ముందస్తు డబ్బు ఇవ్వొచ్చు. దుప్పట్లయితే అక్కడి బట్టల కొట్టు నుంచి, యూనిఫాంలయితే అక్కడి టైలర్ల చేత. ఒక్కో పుస్తకానికి రూపాయి రెండు రూపాయలు ఎక్కువ పడుతుంది. ఆ తేడా కూడా సాయంలో భాగమే, వృథా కాదు. ధర పూర్తిగా చెల్లించడం, తగ్గించమని బేరమాడకపోవడం, రసీదు తీసుకోవడం ఈ మూడూ పాటిస్తే దాత డబ్బుకు లెక్కా ఉంటుంది, కొట్టతనికి మర్యాదా ఉంటుంది. అతను చేయి చాచలేదు, సరుకు ఇచ్చాడు.

బుడమేరు 2005లో విజయవాడను ముంచింది, 2024లో ముంచింది. కట్టలు బలపరిచే పని ఇంజనీర్లది. పేటలు తమ వంతు చేసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి, వాటికి నిధులు రావాల్సిన పని లేదు. వర్షాకాలానికి ముందు వార్డు సచివాలయంలో ఆ వార్డు కొట్లు, బండ్లు, మరలు, మగ్గాలు, షెడ్ల జాబితా ఒకటి రాసి పెట్టుకోవచ్చు. అద్దె షాపు నడిపేవారి పేరు కూడా అందులో ఉండాలి, ఎందుకంటే వరద తర్వాత ఆధారం దొరకనిది వాళ్లకే. ప్రతి శనివారం ఖాతా పుస్తకం పేజీలను ఫోన్‌లో ఫొటో తీసి ఇంట్లో పెద్దపిల్లకు పంపే అలవాటు చేసుకోవచ్చు. కింది అరలో నూనె డబ్బాలు, పై అరలో పప్పులు అన్న సర్దుబాటు చేసుకోవచ్చు. నష్టం జరిగితే బురద ఊడ్చే ముందు నాలుగు మూలలా ఫొటోలు తీయాలని ఇరుగుపొరుగుకు చెప్పి ఉంచొచ్చు, శుభ్రం చేసుకున్న కొట్టులో నష్టం కనిపించదు కనుక. దుకాణ బీమా ప్రీమియం వీధిలో పది మంది కలిసి ఒకే ఏజెంటు దగ్గర కట్టొచ్చు, వరద అందులో ఉందో లేదో చదివించుకుని మరీ.

ఇంకొకటి ఫ్లైఓవర్‌కు ఇవతలివారు చేయగలిగింది. అపార్టుమెంటు సంఘాలు తమ దగ్గర పనిచేసే వాచ్‌మన్, పనమ్మాయి, డ్రైవరు ఏ పేట నుంచి వస్తున్నారో, వాళ్ల వీధి కొట్టు, టైలరు, మెకానిక్కు ఎవరో ఇప్పుడే అడిగి రాసుకోవచ్చు. ఆ నంబర్లు సంఘం వాట్సాప్ గ్రూపులో ఉంటే, తదుపరి పండగకు కర్టెన్లు కుట్టించాలన్నా, మిక్సీ మోటారు చుట్టించాలన్నా ఫోను ముందు అటు వెళుతుంది. వరద వచ్చిన ఏడాదికీ, రాని ఏడాదికీ ఆ నంబర్లు ఒక్కటే.